గుర్రాన్ని ముందు చెవులతో చూడాలి

ఈసారి మాలేగావ్ యాత్రకు మా అక్క కూతురు కూడా నాతో వచ్చింది. పదకొండో తరగతి చదువుతోంది, బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, గుర్రాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. మాలేగావ్ అంటే నాసిక్ వైపున్న పెద్ద ఊరు కాదు, మా నాందేడ్ జిల్లాలోదే, లోహా తాలూకాలో ఉంది. ఖండోబా దేవుడు, మనవాళ్ళు మల్లన్న అనుకునే మొక్కుతారు. యాత్ర మార్గశిర బహుళ చతుర్దశికి మొదలవుతుంది, అంటే డిసెంబరు రెండో సగంలోనో జనవరి మొదట్లోనో. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అన్నీ అమ్మకానికి వస్తాయి. జనం భండారా, అంటే పసుపు, చల్లీ చల్లీ గుర్రాల జూలు కూడా పచ్చబడిపోతుంది.

ఒకచోట జనం గుండ్రంగా మూగి ఉన్నారు. మధ్యలో తెల్లటి నుక్రా ఆడగుర్రం, కాళ్ళకు గజ్జెలు, హల్గీ డప్పు మోతకు ముందుకాళ్ళు ఛాతీ దాకా ఎత్తి నేలకేసి కొడుతోంది. ఒకాయన నోటు తీసి దాని తలచుట్టూ మూడుసార్లు తిప్పి దిగదుడిచి వాయించేవాళ్ళకు ఇచ్చాడు. ఒకటే ఈలలు. మా పిల్ల కాసేపు చూసి నా చెయ్యి లాగింది. "మామా, అది సంతోషంగానే ఉందా?"

నేను వెంటనే ఏమీ చెప్పలేదు. "ముందుకాళ్ళు వదిలేయ్. తోక చూడు, చెవులు చూడు, ఆ తర్వాత నోరు చూడు" అన్నాను. చూసింది. చలికాలం పొద్దున, ఈగ అన్నది లేదు, అయినా తోక చీపురులాగా అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. చెవులు రెండూ వెనక్కి బిగుసుకున్నాయి. పగ్గం లాగిన ప్రతిసారీ నోరు తెరుచుకుని పళ్ళు బయటపడుతున్నాయి. జీను కింద వీపు గుంటపడింది. ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. "పద మామా, పోదాం" అంది.

అక్కడ ఆడిన గుర్రాలన్నీ అలాగే ఉన్నాయని కాదు. సాయంత్రం ఇంకో ముసలాయన తన గుర్రాన్ని ఆడించాడు, పగ్గం సగం వదిలేసి, నోటితో టక్ టక్ అంటూ. దాని చెవులు ఒకటి ఆయన వైపు, ఒకటి హల్గీ వైపు తిరుగుతూ ఉన్నాయి, అడుగులు అంత ఎత్తు లేవలేదు, నోట్లూ రాలలేదు. నాకు మాత్రం ఆ యాత్రలో నచ్చిన గుర్రం అదే.

నా గురించి రెండు ముక్కలు. మాది ధర్మాబాద్. మా నాన్న స్టేషన్ దగ్గర టాంగా నడిపేవాడు. నేను హైదరాబాద్‌లో ఒక రైడింగ్ క్లబ్బులో తొమ్మిదేళ్ళు పనిచేశాను, మొదట సయీసుగా, అంటే గుర్రాలను చూసుకునేవాడిగా, తర్వాత పిల్లలకు నేర్పేవాళ్ళకు సాయంగా. డ్రెస్సాజ్ అన్న మాట అక్కడే మొదటిసారి విన్నాను, పైనున్నవాడి చిన్న చిన్న సైగలకు గుర్రం లెక్కగా అడుగులు వేసి చూపించే పోటీ అది. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను, రెండు గుర్రాలు ఉన్నాయి.

2023 సెప్టెంబరు 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు బంగారు పతకం గెలిచింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా. గుర్రపు పోటీల్లో మనకు 1982 తర్వాత 41 ఏళ్ళకు వచ్చిన బంగారం అది. రెండు రోజుల తర్వాత అనూష్ ఏట్రో అనే గుర్రం మీద ఒక్కడిగా కాంస్యం కూడా తెచ్చాడు. ఆ తర్వాతి ఏడాది సర్ కారమెల్లో ఓల్డ్ అనే గుర్రం మీద పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు, డ్రెస్సాజ్‌లో ఒలింపిక్స్‌కు వెళ్ళిన మొదటి భారతీయుడు అతనే, 66.444 శాతం వచ్చింది. ఆ రోజుల్లో మా బజారులో మిర్చి దుకాణం దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు ఫోన్ చూపించి అడిగేవాళ్ళు, "ఇది మన పెళ్ళిగుర్రం డాన్సే కదరా, దీనికి మెడల్ ఎందుకు?" అని. తప్పు వాళ్ళది కాదు. పైపైన చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడా గుర్రం ఉన్నచోటే అడుగులు వేస్తుంది, ఇక్కడా వేస్తుంది. తేడా ఎక్కడుందో తెలిస్తే మాత్రం, పెళ్ళి ఊరేగింపులోనైనా ఒలింపిక్స్‌లోనైనా, ఏ గుర్రం హాయిగా కదులుతోంది, ఏది బాధ దాచుకుని కదులుతోంది అన్నది ఎవరైనా పట్టుకోవచ్చు. దానికి గుర్రం ఎక్కడం రానక్కర్లేదు.

మొదట కళ్ళు మూసుకోండి. నిజంగానే చెప్తున్నాను. గుర్రం నడకను మొదట చెవులతో చూడాలి, ఎందుకంటే కంటిని మోసం చేయడం సులువు. తళతళలాడే ఒళ్ళు, అల్లిన జూలు, ఎగిరే ముందుకాళ్ళు ఇవన్నీ కంటికి అడ్డం వస్తాయి. డెక్కల చప్పుడుకు అలంకారం ఉండదు. కదం, అంటే మామూలు నడక, నాలుగు దెబ్బలు: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. నాలుగింటి మధ్యా ఎడం సమానంగా ఉండాలి, గోడగడియారం కొట్టినట్టు. దుల్కీ, అంటే ట్రాట్, మెల్లటి పరుగు, రెండు దెబ్బలు, ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి, జంటకూ జంటకూ మధ్య ఒక్క క్షణం గుర్రం మొత్తం గాల్లో ఉంటుంది. కాంటర్, దుల్కీ కంటే జోరైన పరుగు, మూడు దెబ్బలు, ఆ తర్వాత ఒక విరామం, తకిట అని ఆగి మళ్ళీ తకిట అన్నట్టు. ఈ లెక్క చెడిందంటే గుర్రం లోపల ఏదో చెడింది. నొప్పి కావచ్చు, భయం కావచ్చు, పగ్గం మరీ బిగించడం కావచ్చు. డ్రెస్సాజ్ శిక్షణలో ఆరు మెట్లు చెప్తారు, లయ, వదులుదనం, పగ్గంతో సంబంధం, వెనక నుంచి వచ్చే ఊపు, సూటిదనం, చివరికి ఒళ్ళు కూడదీసుకోవడం. ఇందులో లయను మొదటి మెట్టుగా పెట్టింది ఊరికే కాదు. అది పోయిందంటే పైన ఉన్న అయిదూ పోయినట్టే.

అన్నిటికంటే ముందు పాడయ్యేది కదమే. చూడడానికి చప్పగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, టీవీలో ఆ సమయంలోనే వ్యాఖ్యాతలు వేరే కబుర్లు చెప్తారు. కానీ పెద్ద పోటీల్లో సాగిన కదానికి, అంటే అడుగులు బాగా చాచి వేసే నడకకు, మార్కులు రెండింతలు లెక్కేస్తారు. ఎందుకంటే దుల్కీలో ఊపు ఉంటుంది, ఆ ఊపులో బిగుతు దాగిపోతుంది. కదంలో దాక్కునే చోటు లేదు. వీపు బిగబట్టిన గుర్రం కదంలో ఒకే వైపు కాళ్ళు రెండూ దాదాపు కలిసి వేస్తుంది, ఒంటెలాగా. నాలుగు దెబ్బలు రెండుగా వినిపిస్తాయి. డ్రెస్సాజ్‌లో ఇది పెద్ద తప్పు.

ఇక్కడ మనవైపు వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మన మార్వాడీ గుర్రాల్లో కొన్నిటికి రేవాల్ చాల్ అనే నడక పుట్టుకతోనే వస్తుంది. అందులోనూ ఒకే వైపు కాళ్ళు వెంటవెంటనే కదులుతాయి, కూర్చున్నవాడికి కుదుపు ఉండదు, చేతిలో నీళ్ళ చెంబు పట్టుకున్నా తొణకదంటారు. మాలేగావ్‌లో రేవాల్ నడిచే గుర్రానికి ధర ఎక్కువ పలుకుతుంది, పలకాలి కూడా. అది ఆ గుర్రానికి సొంత నడక, తప్పు కాదు. సొంతంగా వచ్చిన రేవాల్‌లో మెడ ఊగుతుంది, చెవులు కదులుతాయి, ఊపిరి తేలిగ్గా వస్తుంది. బిగుతు వల్ల పుట్టిన ఒంటె నడకలో ఇవేవీ ఉండవు. పేరు ఒకటే పెట్టినా ఒళ్ళు వేరే మాట చెప్తుంది.

కదం పరీక్షకు ఖర్చు లేదు, తడి ఇసుక ఉంటే చాలు. అక్టోబరు చివర్లో బాబ్లీ బ్యారేజీ గేట్లు దించేశాక గోదావరిలో కింది వైపు ఇసుక బయటపడుతుంది కదా, మేము అక్కడికే తీసుకెళ్తాం. పగ్గం వదులుగా ఇచ్చి ఇరవై అడుగులు నడిపించి, దిగి జాడలు చూస్తాం. ముందు డెక్క పడిన గుర్తు ఉంటుంది, అదే వైపు వెనక డెక్క దాన్ని దాటి ముందు పడాలి. మా ఆడగుర్రానికి బాగున్న రోజున దాదాపు జానెడు దాటుతుంది. బాగోలేని రోజున ముందు డెక్క గుర్తు మీదే పడుతుంది, లేదా ఇంకా వెనకే ఆగిపోతుంది. డెక్క కొన గీరుకుపోయిన గీత కూడా ఇసుకలో కనిపిస్తుంది. కాలు ఎత్తకుండా ఈడుస్తోందన్నమాట. ఈ జాడలు చూడడం మా నాన్న దగ్గర నేర్చుకున్నదే. ఆయన డ్రెస్సాజ్ అన్న మాట ఎప్పుడూ వినలేదు, టాంగాకు కట్టే ముందు మాత్రం రోజూ గుర్రాన్ని మట్టిలో నాలుగడుగులు నడిపించి వెనక్కి తిరిగి చూసేవాడు.

ఇక దుల్కీ. ముందుకాళ్ళు బారలు చాచినట్టు ముందుకు విసిరే గుర్రం కనిపించగానే మనందరి నోటి నుంచీ అబ్బా అన్న మాట వస్తుంది. నేనూ మొదట్లో అలాగే అన్నాను. క్లబ్బులో ఒక పెద్దాయన, మిలిటరీలో గుర్రాల దగ్గర చేసి వచ్చినవాడు, నాకు ఒక మాట నేర్పాడు. "బేటా, ఆగే మత్ దేఖ్, పీఛే దేఖ్" అని, ముందు కాదు, వెనక చూడు అని. ఫోన్‌లో వీడియో తీయండి, ముందుకాలు పూర్తిగా చాచిన క్షణంలో ఆపండి. ఆ ముందుకాలి మోకాలి కింది ఎముకనూ, దానికి ఎదురుమూలలో ఉన్న వెనకకాలి కింది ఎముకనూ పక్కపక్కన పోల్చండి. రెండూ ఒకే వాలులో ఉంటే ఊపు వెనక నుంచి వీపు మీదుగా వస్తోంది. ముందుకాలు ఆకాశంలోకి లేచి, వెనకకాలు పొట్టిగా వెనకే తిరుగుతుంటే, ఆ గుర్రం కాళ్ళు మాత్రమే ఆడిస్తోంది, వీపు చచ్చుబడి ఉంది. అలాంటి గుర్రానికి ముందుకాలు చాచిన చోట దిగకుండా కొంచెం వెనక్కి వచ్చి నేల తాకుతుంది, అది కూడా గమనించండి. చాపడం ఒకచోట, దిగడం ఇంకోచోట అయితే అది చూపించడానికి చాచిన కాలే.

వీపు గురించి ఇంత ఎందుకంటున్నానంటే, గుర్రం మనిషిని మోయడానికి పుట్టిన జంతువు కాదు. ఊరికే నిలబడి ఉన్నప్పుడే దాని బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీద ఉంటుంది. పైన మనిషి కూర్చుంటే వీపు కిందికి దిగుతుంది. తల వెనక నుంచి మెడ మీదుగా వీపు దాకా ఒక గట్టి పట్టీ లాంటిది ఉంటుంది. గుర్రం మెడను ముందుకూ కిందికీ చాచినప్పుడు ఆ పట్టీ బిగిసి వీపు పైకి లేస్తుంది. బట్టలారేసిన తాడు ఒక కొన లాగితే మధ్యలో పైకి లేచినట్టు. అందుకే మంచి శిక్షకులు పిల్ల గుర్రాన్ని మొదట నెలల తరబడి మెడ చాచుకుని నడవనిస్తారు. వీపు కండరం ఊగడం మొదలైందని తోకే చెప్తుంది. వీపు ఊగితే తోక కూడా దానంతట అది మెల్లగా, లయగా అటూ ఇటూ ఊగుతుంది, జడ ఊగినట్టు. ఊగే తోక వేరు, కొట్టుకునే తోక వేరు. ఒక పక్కకే వంకరగా పట్టుకున్న తోక కూడా మంచిది కాదు, వీపులో ఒక వైపు నొప్పి ఉందేమో చూడాలి.

ఉన్నచోటే వేసే అడుగులు, పియాఫ్ అంటారు, పెళ్ళిగుర్రం ఆటకూ దానికీ పోలిక అక్కడే వస్తుంది. పియాఫ్‌లో గుర్రం వెనక భాగం కొద్దిగా కూర్చున్నట్టు కిందికి దిగాలి, వెనకకాళ్ళ కీళ్ళు మడిచి బరువు మోయాలి, అప్పుడు ముందు భాగం తేలికై లేస్తుంది. ముందు డెక్క కొన రెండో కాలి మోకాలి కింది ఎముకకు సగం ఎత్తు దాకా లేస్తే చాలు, వెనక డెక్క అంతకంటే కొంచెం తక్కువ. ఛాతీ దాకా ఎత్తమని ఎవరూ అడగరు. మూలల కాళ్ళు జంటగా లేవాలి, లయ దుల్కీలో ఉన్నదే. యాత్రలో మేము చూసిన నుక్రా పిరుదు పైకి లేచి ఉంది, వీపు గుంటపడింది, వెనకకాళ్ళు ఒంటి కింద లేకుండా వెనకెక్కడో ఉన్నాయి. ముందుకాళ్ళు మాత్రం గాల్లో ఎగురుతున్నాయి. రెండు గుంజల మధ్య కట్టేసి కాళ్ళ మీద కర్రతో కొట్టి నేర్పిన ఆటను నేను నా కళ్ళతో చూశాను. డెక్క ఎందుకంత ఎత్తుకు లేస్తుందో అప్పుడు అర్థమైంది. నేల కాలుతున్నట్టు ఎత్తుతుంది, పాపం. ముళ్ళున్న కళ్ళెం కూడా ఇంకా వాడుతున్నారు. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది నిషేధం, ఎవరైనా వాడుతుంటే ఆ మాట మర్యాదగా చెప్పండి, చాలామందికి తెలియదు.

అలాగని డ్రెస్సాజ్ అంతా పుణ్యక్షేత్రం అనుకోవద్దు. గుర్రం ముక్కును ఛాతీకి తగిలేలా లాగి పట్టే పద్ధతి ఒకటి ఉంది, రోల్‌కూర్ అంటారు. బలవంతంగా అలా వంచకూడదని ప్రపంచ గుర్రపు క్రీడల సమాఖ్య 2010లోనే చెప్పింది. అయినా వార్మప్ వీడియోలు చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. నిబంధన సులభం, మెడలో అన్నిటికంటే ఎత్తుగా ఉండాల్సింది చెవుల మధ్య భాగం, ముక్కు గీత నిట్టనిలువు గీతకు కొంచెం ముందుండాలి. మెడ మధ్యలో విరిగినట్టు వంగి, ముక్కు ఛాతీ వైపు లోపలికి పోయిందంటే, మిగతా ఎంత అందంగా ఉన్నా నేను మార్కులు వేయను. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. మెడ అలా మడిస్తే గొంతు సందు ఇరుకైపోతుంది. పరిగెత్తే ప్రాణికి ఊపిరి అడ్డుకుంటే సంతోషం ఎక్కడిది? 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్ మొదలయ్యే ముందే షార్లెట్ డుజార్డిన్, మూడు ఒలింపిక్ బంగారాలున్న బ్రిటన్ రైడర్, గుర్రం కాళ్ళ మీద పొడవాటి కొరడాతో పదే పదే కొట్టిన పాత వీడియో బయటపడి పోటీ నుంచి తప్పుకుంది, తర్వాత ఏడాది నిషేధం పడింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఆమె వాలెగ్రో గుర్రాన్ని చూసే నేను ఎన్నో నేర్చుకున్నాను. అదే పారిస్‌లో యెస్సికా ఫాన్ బ్రెడో వెర్న్‌డల్ తన ఆడగుర్రం డలేరాతో, టోక్యో తర్వాత రెండోసారి, బంగారం గెలిచింది. వీలుంటే ఆ రైడ్ చూడండి, శబ్దం పెట్టుకుని చూడండి, డలేరా చెవులు ఎంత పని చేస్తున్నాయో చూడండి.

ముఖం దగ్గరికి వద్దాం. చాలామంది గుర్రం చెవులు ముందుకు నిక్కబొడుచుకుని ఉంటేనే సంతోషం అనుకుంటారు. మనిషిని మోస్తూ పని చేసే గుర్రం చెవులు ఎప్పుడూ ముందుకే ఉండవు, ఒకటి పైనున్నవాడి మాట వింటూ పక్కకో వెనక్కో వదులుగా తిరుగుతూ ఉంటుంది. అది మంచిదే. బిగుసుకుని వెనక్కి అతుక్కున్న చెవులే చెడ్డవి. కంటి పైన త్రికోణంలా ముడత లేస్తే, కంటి తెల్లగుడ్డు కనిపిస్తే, ముక్కుపుటాలు సాగి గట్టిపడితే, దవడ కండరం ఉబ్బితే, కింది పెదవి కొన గట్టిగా ముద్దలా అయితే అవన్నీ నొప్పి గుర్తులు. 2014లో కొందరు శాస్త్రవేత్తలు ఇలాంటి ఆరు గుర్తులతో గుర్రం ముఖానికి ఒక నొప్పి కొలత తయారుచేశారు. స్యూ డైసన్ అనే బ్రిటన్ గుర్రాల డాక్టరమ్మ స్వారీలో ఉన్న గుర్రానికి 24 గుర్తుల పట్టిక ఇచ్చింది. తల విసరడం, తోక కొట్టడం, పదే పదే నోరు తెరవడం, నాలుక బయటికి రావడం లాంటివి. ఎనిమిదీ అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి, ఒక్కసారి తోక కొట్టినంత మాత్రాన ఏమీ కాదు. మొండి గుర్రం అని మనం తిట్టేవాటిలో ఎన్ని నొప్పితో ఉన్నాయో ఆ పట్టిక చదివాక నాకు పాతవన్నీ గుర్తొచ్చి చాలా బాధేసింది.

నోటి నురుగు గురించి కూడా అందరికీ ఒక అపోహ. పెదవుల దగ్గర కొద్దిగా తెల్లగా తడి ఉంటే మంచిదే, నోరు మెత్తగా ఆడుతోందని అర్థం. ఛాతీ మీదికి ముద్దలు ముద్దలుగా కారుతుంటే గుర్రం మింగలేకపోతోంది. ముక్కుపట్టీ ఎంత బిగించారో చూడాలి. ముక్కు ఎముక మీద, పట్టీ కింద, పెద్దవాళ్ళ వేళ్ళు రెండు పట్టాలి. ఇది పాత లెక్కే, 2025 నుంచి పెద్ద పోటీల్లో దీన్ని కొలవడానికి ఒక పరికరం కూడా వాడుతున్నారు. నేను పనిచేసిన చోట ఒక శిక్షకుడు పట్టీలో నా చిటికెన వేలు కూడా దూరనిచ్చేవాడు కాదు. నోరు మూసుకుని ఉంటే జడ్జీకి గుర్రం ప్రశాంతంగా ఉందనిపిస్తుందని ఆయన లెక్క. పోటీ అయ్యాక పట్టీ విప్పేది నేనే కాబట్టి, దాని కింద వెంట్రుకలు రాలిపోయిన గీత చూసేది కూడా నేనే. రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పాక ఆ గుర్రాల పని నా నుంచి తీసేశారు. అక్కడి నుంచి వచ్చేయడానికి ఒక కారణం అదే.

మా ఆడగుర్రం సంగతి చెప్పకపోతే ఇదంతా పుస్తకం మాటల్లా ఉంటుంది. దాన్ని మూడేళ్ళ కింద మాలేగావ్‌లోనే కొన్నాను. కుమైత్ రంగు, అంటే ఎర్రటి గోధుమ రంగు, నాలుగు కాళ్ళూ తెలుపు, నుదుట తెలుపు, పంచకళ్యాణి. పెళ్ళిళ్ళలో ఆడిన గుర్రం. డప్పు వినిపిస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే తల పైకెత్తి, వీపు గుంట చేసి కాళ్ళు ఎగరేసేది, కళ్ళు మాత్రం ఎక్కడో ఉండేవి. నాలుక మీద పాత మచ్చ ఉంది. నాలుగు నెలలు నేను దాని నోట్లో కళ్ళెం పెట్టలేదు. మెత్తటి ముఖపట్టీ ఒకటే పెట్టి, పొద్దున్నే గోదావరి ఇసుకలో పక్కన నడిచాను. అది తల దించేది కాదు. ఏనుగంత ఎత్తుకు తల పెట్టుకుని నడిచేది. బలవంతం చేయలేదు, ఉలవలు చల్లలేదు, ఏమీ చేయలేదు, నడిచాను అంతే. ఒకరోజు, ఫిబ్రవరి చలి ఇంకా పోలేదు, మెడ కొంచెం కొంచెంగా కిందికి దించి, మోకాళ్ళ దాకా తెచ్చి, ముక్కులోంచి బుర్ర్ మని పొడుగ్గా ఊదింది. ముక్కు తుంపర్లు నా చేతి మీద పడ్డాయి. ఆ ఊదడం హాయిగా ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుందని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు కూడా రాశారు. ఆ రోజు నేను ఆ మాట గుర్తు చేసుకోలేదు, అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను.

ఇప్పుడు దాని మీద మా పిల్ల స్వారీ చేస్తుంది. ఒలింపిక్స్‌కు వెళ్ళే గుర్రం కాదు, వయసూ లేదు, ఆ నిర్మాణమూ కాదు. దుల్కీలో పొడవాటి తాడు మీద గుండ్రంగా తిరుగుతున్నప్పుడు మాత్రం తోక జడలా ఊగుతుంది, నాకు అంతకంటే ఏమీ వద్దు.

మొన్న ఆదివారం నేను గుర్రాన్ని నడిపిస్తుంటే మా పిల్ల అటు తిరిగి కళ్ళు మూసుకుని బండరాయి మీద కూర్చుంది. అక్కడ ఇసుక కాదు, గట్టి బాట, చప్పుడు బాగా వినిపిస్తుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతోంది. నాకు నడక బాగానే ఉన్నట్టు అనిపించింది, తల బాగానే ఊగుతోంది, చెవులు బాగున్నాయి. మా పిల్ల మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది, కళ్ళు తెరవకుండానే అంది, "మామా, మూడోది తొందరగా లేస్తోంది. నాలుగోది ముందుగా పడుతోంది."

మూడోది అంటే కుడి వెనక కాలు. ఆపి, కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. డెక్క కింద మెత్తటి భాగం పక్క గాడిలో శనగగింజంత కంకరరాయి ఇరుక్కుని ఉంది. డెక్క శుభ్రం చేసే కొక్కెం, హూఫ్ పిక్, తెచ్చుకోలేదు, తాళంచెవితో తీశాను. గుర్రం కాలు దించి, ఒకసారి నేల తాకించి చూసుకుని, బరువు మోపింది. మా పిల్ల అప్పటికీ కళ్ళు తెరవలేదు. "మళ్ళీ నడిపించు మామా, విందాం" అంది.